ఇల్లు పిల్లల పేరున రాసే ముందు

విజయవాడ గాంధీనగర్‌లోనో పటమటలోనో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి ముందు కూర్చున్న పెద్దవాళ్ళు మొదట అడిగేది ఖర్చు గురించే. "అబ్బాయి పేరున ఇల్లు రాయాలంటే ఎంతవుతుంది?" లేఖరి లెక్క చెబుతాడు. కొన్నట్టు రాస్తే ఇంత, డబ్బు తీసుకోకుండా రాసిచ్చే దాన సెటిల్మెంటు అయితే అందులో కొంతే అంటాడు. చవకైన కాగితం ఖాయమవుతుంది. అసలు తేల్చుకోవాల్సిన సంగతి మాత్రం ఆ టేబుల్ దాకా రానే రాదు. హక్కు ఏ రోజున చేతులు మారుతుంది? మారాక రాసిచ్చినవాళ్ళకు ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? ఈ రెండూ తేలితే ఏ కాగితం రాయాలో దానంతటదే తెలుస్తుంది. ఖర్చు ఆ తరవాతి మాట.

బెజవాడ, గుంటూరుల్లో మధ్యతరగతి కుటుంబానికి చాలాసార్లు ఉన్న ఆస్తంతా ఒక్క ఇల్లే. నూటయాభై గజాల్లో కింద తాము ఉంటూ, పై పోర్షన్ అద్దెకిచ్చుకుని, ఆ అద్దెతో మందులు కొనుక్కునే దంపతులు ప్రతి వీధిలోనూ ఉంటారు. అలాంటి ఇంటిని పూర్తిగా రాసిచ్చేస్తే గోడలతోపాటు ఆ అద్దె కూడా పోతుంది. రాసేటప్పుడు ఇది ఎవరికీ తట్టదు. పిల్లల మీద ప్రేమతో రాస్తున్నప్పుడు అద్దె మాట ఎత్తడం మొహమాటంగా ఉంటుంది కూడా.

దాన సెటిల్మెంటు దస్తావేజులో అచ్చు గుద్దినట్టు కనిపించే వాక్యాలు కొన్ని ఉంటాయి. "షెడ్యూలు ఆస్తిని ఈ రోజే నీకు స్వాధీనపరచడమైనది. ఇక మీదట సదరు ఆస్తి యందు నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కులు లేవు. దానవిక్రయాది సర్వహక్కులతో నీవు పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకొనగలవు." ఇవి చదివే వేగంలో ఎవరికీ బరువుగా అనిపించవు. కానీ సంతకం అయిన నిమిషం నుంచి ఇవి అక్షరాలా అమల్లోకి వస్తాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఇచ్చినవాళ్ళు బతికుండగానే పుచ్చుకునేవాళ్ళు అంగీకరించాలి. ఈ మూడూ పూర్తయితే దానం పూర్తయినట్టే. ఆ తరవాత కొడుకు చూడటం లేదనో, కూతురు మాట వినడం లేదనో ఒక్కరే వెళ్ళి రద్దు దస్తావేజు రాసేసినంత మాత్రాన ఇల్లు వెనక్కి రాదు. కోర్టుకు వెళ్ళాలి. మోసం చేసో బలవంతపెట్టో రాయించుకున్నారని రుజువు చేయాలి. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు అది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

మరి దానం చేస్తూనే బతికినన్నాళ్ళు ఇల్లు తమ చేతిలో ఉంచుకోవడం కుదరదా? కుదురుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసులో 2014లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చింది. ఆ కేసులో ఇల్లు దానంగా రాసిన ఆవిడ, జీవించినంత కాలం ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు తనకే ఉంచుకున్నారు. స్వాధీనం ఇవ్వలేదు కాబట్టి దానం చెల్లదని తరవాత వాదించారు. రిజిస్టరైన దానానికి స్వాధీనం అప్పగించడం తప్పనిసరి కాదని, జీవితకాలపు అనుభవ హక్కు ఉంచుకున్నా దానం చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఆవిడకు అది ఓటమి. రాయబోయేవాళ్ళకు మాత్రం అందులో ఒక దారి దొరికింది. పేరు ఇప్పుడే మారినా, బతికినన్నాళ్ళు ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు తమకే ఉన్నాయని దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవచ్చు. ముసాయిదాలో ఆ వాక్యం దానంతటది రాదు. అడిగి రాయించాలి.

ఆ వాక్యం రాయించేటప్పుడు ఒక్కరి పేరుతో ఆగకూడదు. ఇల్లు తండ్రి పేరున ఉంటే "నా జీవితకాలం" అని రాస్తారు. ఆయన కాలం చేస్తే ఆ హక్కు అక్కడితో ఆగిపోతుంది. తల్లి బతికే ఉంటుంది, కానీ ఆ ఇంట్లో ఆమెకు కాగితం మీద ఏమీ ఉండదు. అసలు దస్తావేజే రాయకుండా ఆయన పోయి ఉంటే ఆమె పిల్లలతో సమానంగా వాటాదారు అయ్యేది. అంటే ముందుచూపుతో రాసిన కాగితమే ఆమెకు చట్టం ఇచ్చిన వాటాను తీసేసింది. అందుకే "నేను, నా తదనంతరం నా భార్య, మా ఇద్దరి జీవితకాలం" అని ఉండాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ హాని చేసే లోపం ఏదంటే ఇదేనని చెప్పాలి. దిద్దుకోవడానికి ఒక పంక్తి చాలు.

చూసుకుంటారన్న షరతు కూడా అంతే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కనీస అవసరాలు చూడాలన్న షరతుతో అరవై దాటినవాళ్ళు ఆస్తి రాసిస్తే, పుచ్చుకున్నవాళ్ళు చూడకపోతే ఆ బదిలీ చెల్లదని ప్రకటించే అధికారం ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఉంది. సివిల్ కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడంతో పోలిస్తే ఇది చాలా దగ్గరి దారి. కానీ షరతు ఉందని చూపించాలి. ప్రేమాభిమానాలతో ఇచ్చానని మాత్రమే రాసి ఉంటే ఈ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో తల్లి కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని అంటూ దానం రద్దు చేసి ఇల్లు ఆమెకు ఇప్పించింది. అయితే అక్కడ కూడా, చివరిదాకా చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఒకటి ఉంది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే రాతపూర్వకమైన షరతు ఎంత విలువైనదో తెలుస్తుంది.

షరతు ఎలా రాయాలన్నదీ ముఖ్యమే. "నాకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా రద్దు చేసుకుంటాను" అని రాస్తే అసలు దానమే చెల్లకుండా పోతుంది. ఇచ్చినవాళ్ళ ఇష్టాన్ని బట్టి రద్దయ్యే దానాన్ని చట్టం ఒప్పుకోదు. తిండి, వసతి, వైద్యం చూడాలి, అందులో లోపం జరిగితే ఈ దానం రద్దవుతుంది అని, ఇచ్చేవాళ్ళ ఇష్టంతో పని లేకుండా బయట జరిగే ఒక సంగతికి ముడిపెట్టి రాయాలి. ఇది లాయరు చూడాల్సిన చోటు. లక్షల ఆస్తి రాస్తూ ఈ ఒక్క పేజీ దగ్గర ఫీజు మిగుల్చుకోవాలనుకోవడం మంచిది కాదు.

ఇంత ఆలోచన ఎందుకు, వీలునామా రాస్తే పోలేదా అంటే, ఒకే ఇల్లున్న చాలామంది పెద్దవాళ్ళకు నిజానికి అదే మేలు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, ఆ ఇద్దరూ సంతకం చేయాలి. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. ముందు రాసింది రిజిస్టరై, తరవాతిది తెల్లకాగితం మీద ఉన్నా, సక్రమంగా రాసి ఉంటే తరవాతిదే నిలబడుతుంది. ప్రాణం ఉన్నంతవరకు ఇల్లు పూర్తిగా రాసినవాళ్ళదే.

మరి జనం దానం వైపే ఎందుకు మొగ్గుతారు? వీలునామా మీద తరవాత గొడవలు వస్తాయన్న భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. వివాదం వస్తే కనీసం ఒక్క సాక్షయినా కోర్టులో నిలబడి, తన ఎదుటే సంతకం జరిగిందని చెప్పాలి. రాసినవాళ్ళ ఈడు స్నేహితులనే సాక్షులుగా పెట్టుకుంటే అవసరం వచ్చేనాటికి వాళ్ళూ ఉండరు. లబ్ధి పొందే కొడుకే దగ్గరుండి అన్నీ నడిపించి ఉంటే కోర్టుకు అనుమానం వస్తుంది. వయసులో చిన్నవాళ్ళను, ఆస్తితో సంబంధం లేనివాళ్ళను సాక్షులుగా పెట్టుకోవాలి. ఆరోగ్యంగా, మతి స్థిమితంగా ఉన్నారని డాక్టరు సర్టిఫికెట్ జత చేయాలి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఇస్తుంటే కారణం రెండు వాక్యాల్లో రాయాలి. రిజిస్టరు కూడా చేయిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. మంచం పట్టినవాళ్ళ కోసం తగిన కారణం చూపి దరఖాస్తు చేస్తే రిజిస్టరింగ్ అధికారి ఇంటికే వస్తారు. దీన్ని ఆఫీసులో ప్రైవేట్ అటెండెన్స్ అంటారు.

ఖర్చు విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అరవై లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. దగ్గరి కుటుంబ సభ్యులకు సెటిల్మెంటు రాస్తే రేటు ఇందులో చిన్న భాగమే. దగ్గరి కుటుంబం దాటి దూరపు బంధువులకు రాస్తే ఆ రాయితీ ఉండదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో డోర్ నంబరును బట్టి మార్కెట్ విలువ, దాని మీద డ్యూటీ ముందే లెక్క చూసుకోవచ్చు. ఇంట్లోవాళ్ళకే డబ్బు చేతులు మారకుండా అమ్మినట్టు రాసుకోవడం ఏ విధంగానూ లాభం కాదు. డ్యూటీ ఎక్కువ, పైగా అమ్మినట్టు చూపినవాళ్ళకు మూలధన లాభం పన్ను లెక్క కూడా మొదలవుతుంది. దగ్గరి బంధువుల నుంచి దానంగా వచ్చిన ఇంటికి పుచ్చుకున్నవాళ్ళ మీద ఆదాయపు పన్ను లేదు, ఇచ్చినవాళ్ళకు మూలధన లాభమూ లేదు.

అయితే ఆ పన్ను పూర్తిగా మాయం కాదు, వాయిదా పడుతుంది. తండ్రి 1992లో కొన్న ఇల్లు కూతురికి దానంగా వచ్చి, ఆమె అమ్మితే, తండ్రి కొన్న నాటి ధరే ఆమెకు కొన్న ధర. 2001కి ముందు కొన్నది కాబట్టి కావాలంటే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. 2024 జూలై 23కు ముందు వచ్చిన ఇళ్ళకు, దేశంలో నివసించేవాళ్ళు ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. అమెరికాలో స్థిరపడి ఎన్నారై అయిన పిల్లలకు ఆ వీలు లేదు. ఒక బిడ్డ ఇక్కడ, ఒక బిడ్డ డాలస్‌లో ఉన్న గుంటూరు కుటుంబం ఇల్లు ఎవరి పేరున రాయాలా అని ఆలోచించేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి. భార్యకో కోడలికో దానమిస్తే ఆ ఇంటి అద్దె మాత్రం ఇచ్చినవాళ్ళ ఆదాయంలోనే కలుస్తుంది.

ఏ కాగితమూ రాయకుండా పెద్దాయన పోతే? స్వార్జితమైన ఇంటికి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటాలు. ఇల్లు భార్య పేరున ఉండి ఆమె పోతే భర్త, పిల్లలు వాటాదారులు. కూతురికి పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా, ఇక ఆమెకేం వాటా అన్న మాట ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. అప్పుడు ఇచ్చిన నగదు, బంగారం ఈ ఇంట్లో ఆమె వాటాను తీసేయవు. అలాగే, ఆ పోర్షన్ నీదేనమ్మా అని పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన ఇల్లు కూడా రిజిస్టరు కాకపోతే ఆమెది కాదు. రెండు వైపులా మాట మీద నడిచిన వ్యవహారం రెండు వైపులా దెబ్బ తీస్తుంది.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా అన్నది మన రాష్ట్రంలో దేశం కంటే ముందే మొదలైంది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం సవరించింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. పుట్టుకతోనే ఆ హక్కు వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగ పంపకాలను మాత్రం ఇది కదపదు. కాబట్టి తండ్రి కొడుక్కి ఇల్లు రాసే ముందు అది స్వార్జితమా, ఉమ్మడిదా అన్నది తేల్చుకోవాలి. స్వార్జితమైతే ఎవరికైనా రాయవచ్చు. ఉమ్మడిదైతే తన వాటాకు మించి రాసేందుకు ఆయనకు హక్కే లేదు.

వారసులంతా ఒప్పుకుని ఒకరి పేరున ఉంచాలనుకుంటే మిగిలినవాళ్ళు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయాలి. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వారసులు ఎవరో చూపిస్తుందే గానీ ఎవరికి ఎంత హక్కో తేల్చదు. కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్ల వంటి వాటికి. ఇంటికి కాదు. దాని కోసం నెలల తరబడి తిరిగి, చివరికి ఇంటి విషయం అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఉన్నాయి.

వారసత్వం, ఉమ్మడి ఆస్తి గురించి ఇక్కడిదాకా చెప్పిందంతా హిందూ కుటుంబాల సంగతి. క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు. వారి హిబా, అంటే దానం, నోటిమాటతోనూ చెల్లుతుంది, కాకపోతే అక్కడ స్వాధీనం అప్పగించడం తప్పనిసరి.

రాసేవాళ్ళకు పూర్తి హక్కు ఉందా అన్న ప్రశ్న విజయవాడలో కొన్ని ప్రాంతాల్లో మరీ పదునుగా ఉంటుంది. కొండవాలు మీద, కాలువ గట్ల వెంబడి ప్రభుత్వ పట్టాతో కట్టుకున్న ఇళ్ళు వేలాదిగా ఉన్నాయి. ఇలా ప్రభుత్వం పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమి వారసులకు సంక్రమిస్తుంది, కానీ దాన్ని బదిలీ చేయకుండా 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. నిషేధిత జాబితాలో, జనం 22ఏ అని పిలిచే దానిలో, సర్వే నంబరు ఉంటే కొడుకు పేరున దానం కూడా రిజిస్టరు కాదు. స్లాట్ బుక్ చేసుకుని, స్టాంపు డబ్బు కట్టి, అందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాక ఇది బయటపడితే ఆ రోజంతా వృథా. ముందే ఆ జాబితా చూసుకోవడం ఐదు నిమిషాల పని. ఇల్లు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీద మాత్రమే చేతికొచ్చి ఉంటే సంగతి ఇంకా చిక్కు. జీపీఏతో ఆస్తి హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ముందు ఆ లోటు సరిచేసుకుని, అప్పుడే పిల్లల మాట.

మనవడి పేరున రాయాలని ముచ్చటపడే తాతలు ఒక సంగతి గమనించాలి. మైనరు పేరున ఉన్న ఇంటిని అవసరం వచ్చి అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా తల్లిదండ్రులు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. చదువుకు పనికొస్తుందని రాసిన ఇల్లు చదువు రోజుల్లోనే చేతికందకుండా పోవచ్చు.

దస్తావేజు ముసాయిదా చేతికొచ్చాక పేరు, ఇంటిపేరు, ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, నాలుగు హద్దులు పాత దస్తావేజుతో సరిపోయాయా, డోర్ నంబరు ఇప్పటిదేనా అని ఇంట్లో కూర్చుని తీరిగ్గా చూసుకోవాలి. పాత దస్తావేజులో "తూర్పు: ఫలానావారి ఖాళీ స్థలం" అని ఉంటే ఇప్పుడక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటుంది. పాత హద్దు ప్రస్తావిస్తూ ప్రస్తుత హద్దు రాయాలి. ఫ్లాటయితే స్థలంలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో తప్పకుండా ఉండాలి. ఒక్క అంకె తప్పినా మళ్ళీ సవరణ దస్తావేజు, మళ్ళీ అందరి సంతకాలు. ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంటే ముందు బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ తీసుకోవాలి.

రిజిస్ట్రేషన్ అయ్యాక మున్సిపల్ కార్పొరేషన్ రికార్డుల్లో పేరు మారిందో లేదో పన్ను డిమాండ్ నోటీసులో చూసుకోవాలి, కరెంటు మీటరు పేరు మార్పించుకోవాలి. అయితే ఇంటి పన్ను ఎవరి పేరున ఉంటే వాళ్ళదే ఇల్లు అన్నది అపోహ. పన్ను రికార్డు హక్కు పత్రం కాదు. అన్నదమ్ముల్లో ఒకరు ఇరవై ఏళ్ళుగా పన్ను కడుతున్నా మిగిలినవాళ్ళ వాటా పోదు. హక్కు చూపేవి దస్తావేజు, దాని వెనక ఉన్న లింకు డాక్యుమెంట్లు. కొత్త దస్తావేజు ఈసీలోకి, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లోకి, ఎక్కిందో లేదో ఒకసారి తీసి చూడాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు దొరుకుతాయి, అంతకు ముందువాటికి ఆఫీసులో వెతికించుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళు నీటమునిగినప్పుడు బీరువాల్లో ఏం పెట్టుకుంటే అదే తడిసింది. ఒరిజినల్ పాడైనవాళ్ళు దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి అదే రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఆ రెండు అంకెలూ తల్లిదండ్రుల ఫోన్‌తోపాటు పిల్లలందరి ఫోన్లలోనూ ఉంటే మంచిది.